గాడిస్‌ను చదవకుండా తీర్పు చెప్పినవాళ్లు: పుస్తక సమీక్షకులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు పత్రికల్లో పుస్తక సమీక్షలు రాస్తున్న మిత్రులకు, సాహిత్య పేజీలు చూసే సంపాదకులకు,



1955 మార్చిలో న్యూయార్క్ నుంచి ఒక నవల వెలువడింది. పేరు ‘ద రికగ్నిషన్స్’. 956 పేజీలు. రాసిన విలియం గాడిస్‌కు అప్పటికి 32 ఏళ్లు, అదే అతని మొదటి పుస్తకం. హార్‌కోర్ట్ బ్రేస్ అనే పేరున్న సంస్థ వేసింది. అమెరికా పత్రికలు పట్టించుకోలేదని అనడానికి కూడా లేదు. తర్వాత ఒకాయన పనిగట్టుకుని పోగుచేస్తే 55 సమీక్షలు తేలాయి. కొత్త రచయితకు అంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ వాటిలో చాలా భాగం ఆ నవల దరిదాపులకు పాఠకుడు రాకుండా చేశాయి. గాడిస్ రెండో నవల బయటికి రావడానికి 20 ఏళ్లు పట్టింది.

ఆ 20 ఏళ్ల సంగతి మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం. డెబ్భై ఏళ్ల కిందట అమెరికాలో జరిగినదానితో మాకేం పని అనుకోకండి. అక్కడి సమీక్షకులు అట్ట మీది పరిచయ వాక్యాలను అటూ ఇటూ తిప్పి రాశారు. మన దగ్గర ముందుమాటను తిప్పి రాస్తున్నారు. సమీక్షలో మూడు పేరాలు చదవగానే ఈ వాక్యం ఫలానా వారి ముందుమాటలోదే కదా అని పాఠకుడికి తెలిసిపోతోంది. ఆ పాఠకుల్లో నేనొకణ్ణి. గాడిస్ కథ మీకు చెప్పాలనిపించింది అందుకే.

గాడిస్ 1922 డిసెంబర్ 29న న్యూయార్క్‌లో పుట్టాడు. అతని మూడేళ్ల వయసులో అమ్మానాన్నలు విడిపోయారు. తల్లి ఉద్యోగం చేస్తూ పెంచింది, అయిదేళ్లకే కనెక్టికట్‌లో ఒక హాస్టల్ బడిలో చేర్పించింది. తండ్రి ఉండీ లేనట్టే. అతని నవలల్లో తండ్రులు దూరంగా ఉండటం, పిల్లలు వాళ్లను వెతుక్కోవడం ఊరికే వచ్చింది కాదు. 1941లో హార్వర్డ్‌లో చేరాడు. మూత్రపిండాల జబ్బు వల్ల సైన్యం తీసుకోలేదు. తోటివాళ్లంతా యుద్ధానికి వెళ్తుంటే అతను కాలేజీ హాస్య పత్రిక ‘లాంపూన్’ నడిపాడు. 1945లో పోలీసులతో ఏదో గొడవ జరిగి, డిగ్రీ లేకుండానే బయటికొచ్చాడు.

తర్వాత దొరికిన ఉద్యోగం గమనించదగ్గది. ‘న్యూయార్కర్’ పత్రికలో, ఇతరులు రాసిన వ్యాసాల్లోని పేర్లు, తేదీలు, వివరాలు నిజమో కాదో ఒక్కొక్కటీ సరిచూసే పని. అక్షరం తప్పు పోనివ్వని ఆ క్రమశిక్షణలో తయారైన మనిషి పుస్తకానికి ఎలాంటి సమీక్షలు దక్కాయో కాసేపట్లో చెబుతాను. ఆ ఉద్యోగం వదిలి మెక్సికో, పనామా వెళ్లాడు. పనామా కాలువ దగ్గర పని చేశాడు. 1948లో కోస్టారికాలో అంతర్యుద్ధం వస్తే తిరుగుబాటుదారులతో కలిశాడు. స్పెయిన్‌లో, పారిస్‌లో ఉన్నాడు. వెళ్లిన ప్రతిచోటికీ ఆ నవల రాతప్రతి అతని వెంటే వెళ్లింది. దాదాపు ఏడేళ్లు రాశాడు.

‘ద రికగ్నిషన్స్’ దేని గురించి అంటే దొంగ సరుకు గురించి. దొంగ చిత్రాలు, దొంగ నోట్లు, దొంగ వైద్యుడు, ఎవరి దగ్గరో విన్న మాటలతో నాటకం కట్టుకున్న రచయిత, దొంగ భక్తి. నవల మొదట్లోనే ఒక ఓడలో వైద్యుడి వేషంలో ఉన్న దొంగనోట్ల ముద్రాపకుడు ఆపరేషన్ చేయబోతే ఒక పాస్టరు భార్య చనిపోతుంది. ఆమె కొడుకు వాయట్ గ్వియన్ కథానాయకుడు. పాస్టరు కావాల్సినవాడు చిత్రకారుడవుతాడు.

వాయట్ పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టినప్పటి సన్నివేశం మీరు తప్పక చదవాలి. ఒక కళావిమర్శకుడు ముందుగా వచ్చి కలుస్తాడు. అమ్మకాల్లో పది శాతం ఇస్తే మంచి మాట రాస్తానంటాడు. వాయట్ ఒప్పుకోడు. విమర్శ ఎలా వస్తుందో, బొమ్మలు ఎలా మిగిలిపోతాయో ఊహించవచ్చు. ఆ తర్వాత కొన్నేళ్లకు న్యూయార్క్‌లో రెక్టాల్ బ్రౌన్ అనే వ్యాపారి చెప్పిన మాటకు అతను లొంగుతాడు. పదిహేనో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుల పేరుమీద బొమ్మలు వేయడం మొదలుపెడతాడు. ఉన్న బొమ్మలకు నకళ్లు తీయడు. హ్యూగో వాన్ డెర్ గోస్ వేసి ఉండవలసి వేయకుండా పోయిన బొమ్మ ఏదో దాన్ని వేస్తాడు. బాసిల్ వాలెంటైన్ అనే పండితుడు అది అసలుదేనని నిర్ధారిస్తాడు, బ్రౌన్ అమ్ముతాడు.

ఆ బొమ్మలు తయారయ్యే తీరు గాడిస్ ఎంత దగ్గరగా చూపిస్తాడో! పాత చెక్కలు, ఆనాటి రంగుల పొడులు, గుడ్డుసొన, నూనెలు, పైపూత మీద పగుళ్లు తెప్పించడం, గదిలో లావెండర్ నూనె వాసన. ఆ పని చేస్తున్నంతసేపూ వాయట్ మోసం చేస్తున్నానని అనుకోడు. ఆనాటి చిత్రకారులు ప్రతి గడ్డిపోచనూ, వస్త్రం మడతల్లో ప్రతి దారాన్నీ అంత శ్రద్ధగా ఎందుకు వేశారంటే ప్రతిదాన్నీ దేవుడు చూస్తున్నాడని నమ్మారు కాబట్టి అంటాడు. ఆ నమ్మకంతో తానూ వేస్తున్నానంటాడు. అదే నవలలో వాలెంటైన్ ఈ వాదాన్ని తలకిందులు చేస్తాడు: దేవుడు చూస్తున్నాడన్న నమ్మకంతో కాదు, ఎవరూ చూడటం లేదేమోనన్న భయంతో అంగుళం ఖాళీ వదలకుండా నింపారని. రెండు మాటలూ బలంగానే ఉంటాయి. రచయిత ఒకరి పక్షం వహించి మనల్ని ఆ ఎంపిక నుంచి తప్పించడు. నాకు ఈ నవల మీద ప్రేమ కలిగింది అక్కడే.

ఇంకో ఘట్టం చెబుతాను. ఆటో అనే కుర్రవాడు తాను ఎప్పుడూ చూడని తండ్రిని హోటల్లో కలవాలి. గుర్తుపట్టడానికి మెడలో పచ్చ స్కార్ఫ్ అని ఏర్పాటు. అదే సమయానికి ఆ దొంగనోట్ల మనిషి కూడా పచ్చ స్కార్ఫ్‌తో, నోట్లు తీసుకోవడానికి రావలసిన మనిషి కోసం ఎదురుచూస్తుంటాడు. ఆటో అతన్నే తండ్రి అనుకుంటాడు. అతనిచ్చిన దొంగనోట్ల కట్టను తండ్రి ఇచ్చిన కానుక అనుకుని తీసుకుంటాడు. అసలు తండ్రి అక్కడికి వచ్చీ కొడుకును కలవలేకపోతాడు. చదువుతుంటే నవ్వు వస్తుంది, ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. తండ్రి లేకుండా పెరిగినవాడు రాసిన సన్నివేశం అది.

ఇంత చెప్పాక ఆ సమీక్షలకు వస్తాను. జాక్ గ్రీన్ అనే మారుపేరుతో న్యూయార్క్‌లో ఒకాయన ఉండేవాడు. ‘న్యూస్‌పేపర్’ అనే పేరుతో తానే రాసి, తానే టైపు చేసి, తానే పంచే చిన్న పత్రిక ఆయనది. 1962లో ఆ పత్రిక మూడు సంచికల్లో ‘ఫైర్ ద బాస్టర్డ్స్’ అనే పెద్ద వ్యాసం రాశాడు. ఈ సమీక్షకులను ఉద్యోగాల్లోంచి పీకెయ్యండి అని దాని సారం. పేరు కటువుగా ఉన్నా పని మాత్రం గుమాస్తా లెక్క చూసినంత ఓపికగా చేశాడు. 55 సమీక్షలనూ ముందు పెట్టుకుని, ఒకవైపు నవల, ఒకవైపు అట్ట మీది పరిచయం పెట్టుకుని, వాక్యానికి వాక్యం పోల్చాడు. కొందరు అట్టమీది మాటలను సొంత మాటల్లా రాసుకున్నారు. కొందరు కథ తప్పు చెప్పారు. పుస్తకం పేజీల సంఖ్య, ధర లాంటివి కూడా సరిగా రాయలేనివాళ్లు ఉన్నారు. పూర్తిగా చదవలేదని గొప్పగా చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఆయన లెక్కలో మొత్తం 55లో నిలబడగలిగినవి రెండు.

జేమ్స్ జాయిస్ ప్రస్తావన మరీ అన్యాయం. పెద్ద నవల, కష్టమైన నవల, కనుక ఇది ‘యులిసిస్’ అనుకరణ అన్నారు చాలామంది. గాడిస్ తర్వాత జీవితమంతా దీనికి జవాబు చెప్పుకుంటూనే ఉన్నాడు. ‘యులిసిస్’లో తాను చదివింది కొన్ని పేజీలేనని ఉత్తరాల్లో విసుగ్గా రాశాడు. మన దగ్గర కొంచెం అల్లిక మారిన నవల వస్తే చాలు, చైతన్య స్రవంతి అని ఒక చీటీ అంటించి పక్కన పెట్టేస్తాం. ఆ చీటీ అంటించాక పుస్తకం తెరవాల్సిన అవసరం ఉండదు కదా.

మరీ బాధ కలిగించేది ఇది. ‘ద రికగ్నిషన్స్’ చివరికి వచ్చేసరికి ఒక విమర్శకుడి చేతిలో లావుపాటి పుస్తకం కనిపిస్తుంది. చదువుతున్నావా అని ఎవరో అడుగుతారు. లేదు, దీనికి సమీక్ష రాస్తున్నానంతే, అట్టమీది మాటలు చాలు అన్న అర్థం వచ్చేలా అతను జవాబిస్తాడు. గాడిస్ ఇదంతా ముందే చూశాడు, ముందే రాశాడు. 900 పేజీలు దాటాక ఉన్న ఆ సంభాషణ కంట పడివుంటే ఒక్క సమీక్షకుడైనా కలం ఆపి ఆలోచించేవాడు. అక్కడిదాకా వెళ్లినవాళ్లు ఎందరు?

జాక్ గ్రీన్ అంతటితో ఊరుకోలేదు. 1962లోనే ఆ నవల పేపర్‌బ్యాక్‌గా వస్తే, ‘విలేజ్ వాయిస్’ పత్రికలో సొంత డబ్బుతో పేజీ మొత్తం ప్రకటన వేయించాడు. ఈ జాక్ గ్రీన్ గాడిసే అయ్యుంటాడని చాలాకాలం పుకారు నడిచింది. పరాయి మనిషి పుస్తకం కోసం ఒకడు ఇంత చేస్తాడని జనం నమ్మలేకపోయారు. ఆయన వేరే మనిషే. ఆయన చేసింది ఒక పాఠకుడు చేయగల పని, అంతే.

గాడిస్ విషయానికొస్తే, ఆ నవలకు నోబెల్ బహుమతి ఇచ్చినా పెద్దగా ఆశ్చర్యపోయేవాణ్ణి కాదని తర్వాతెప్పుడో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. అంత నమ్మకంతో రాశాడు. 1955లోనే పెళ్లయింది, తర్వాత ఇద్దరు పిల్లలు. బతకాలి. ఫైజర్ మందుల కంపెనీలో ప్రచార విభాగంలో చేరాడు. అమెరికా సైన్యం తీసే డాక్యుమెంటరీలకు స్క్రిప్టులు రాశాడు. ఐబీఎం కోసం, ఈస్ట్‌మన్ కోడాక్ పెద్దల ఉపన్యాసాల కోసం రాశాడు. వేదిక మీద కంపెనీ అధికారి మాట్లాడుతుంటే ఆ మాటలు రాసిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. అమెరికా అంతర్యుద్ధం నేపథ్యంగా ఒక నాటకం రాశాడు, అది పెట్టెలో ఉండిపోయింది. తనంతట తానే వాయించే పియానోల చరిత్ర మీద కుర్రతనం నుంచీ సమాచారం పోగుచేస్తున్నాడు, అదీ తెమల్లేదు.

ఆ ఉద్యోగాలు పూర్తిగా వృథా పోలేదని నేను గట్టిగా నమ్ముతాను. కంపెనీ మనుషులు ఫోన్లో ఎలా మాట్లాడతారో, సగం వాక్యంలో ఎలా ఆపుతారో, నష్టాన్ని లాభమని చెప్పడానికి ఏ మాటలు వాడతారో అతని చెవికి పట్టింది అక్కడే. 1975లో క్నాఫ్ సంస్థ వేసిన ‘జె ఆర్’ ఆ చెవితో రాసిన నవల. 726 పేజీలు. అధ్యాయాలు లేవు. దాదాపు అంతా సంభాషణే. మాట్లాడేది ఎవరో రచయిత చెప్పడు, కొటేషన్ గుర్తులు ఉండవు, ఒక అడ్డగీత మాత్రం ఉంటుంది. అది చూసి భయపడాల్సిందేమీ లేదు. ఆకాశవాణి విజయవాడ నాటకాలు వింటూ పెరిగిన తరానికి గొంతును బట్టి మనిషిని పట్టుకోవడం వచ్చు. ఇక్కడా అంతే. ఒకడు వాక్యం పూర్తి చేయడు. ఒకడు ప్రతి మాటకూ ముందు ఒకే ఊతపదం వాడతాడు. ఒకామె మాటల్లో మర్యాద, అలసట కలిసి ఉంటాయి. కాస్త దూరం పోతే పేర్లు లేకున్నా ఎవరెవరో తెలుస్తుంది.

జె ఆర్ వాన్సాంట్ లాంగ్ ఐలండ్‌లో ఆరో తరగతి చదివే పదకొండేళ్ల పిల్లవాడు. బడి పిల్లలను వాల్ స్ట్రీట్ చూపించడానికి తీసుకెళ్తే, పెట్టుబడి అంటే ఏమిటో తెలియడానికి తరగతి మొత్తం కలిసి ఒక కంపెనీలో ఒక షేరు కొంటుంది. పిల్లవాడికి అక్కడే దారి దొరుకుతుంది. నౌకాదళం వదిలించుకుంటున్న చెక్క ఫోర్కులతో మొదలుపెట్టి, పోస్టులో వచ్చే కరపత్రాలు, బడిలోని పబ్లిక్ ఫోను సాయంతో ఒక పెద్ద వ్యాపార సామ్రాజ్యం కడతాడు. గొంతు చిన్నపిల్లవాడిదని తెలియకుండా ఫోనుకు చేతిరుమాలు అడ్డం పెడతాడు. ఎడ్వర్డ్ బాస్ట్ అనే యువ సంగీతకర్త అనుకోకుండా అతని ప్రతినిధి అయిపోతాడు. బాస్ట్ ఒపెరా రాయాలనుకున్నవాడు. వ్యాపారం ముదిరేకొద్దీ అతని ఆశ చిక్కిపోతూ వస్తుంది, చివరికి ఒక్క చెల్లో వాద్యానికి రాసుకునే స్థితికి దిగుతాడు. న్యూయార్క్ 96వ వీధిలో వాళ్ల ఆఫీసు అనబడే ఇంట్లో పెట్టెలు, ఉత్తరాల కట్టలు పైకప్పుదాకా పేరుకుంటాయి. వేడినీళ్ల కొళాయి కట్టినా ఆగదు. ఆ పెట్టెల కింద ఎక్కడో పూడిపోయిన రేడియో ఒకటి ఆగకుండా మాట్లాడుతూనే ఉంటుంది.

ఆ పిల్లవాణ్ణి గాడిస్ ద్వేషించడు. అతన్ని అలా తయారుచేసిన పెద్దల లోకం మీదే కోపమంతా. సాయంత్రం పూట అమీ జూబర్ట్ అనే టీచరు అతనితో నడుస్తూ ఉంటుంది. చూసిన ప్రతి వస్తువు వెనకా దానివల్ల కోటీశ్వరుడైనవాడు ఒకడుంటాడని పిల్లవాడు చెబుతుంటే, ఆమె అతన్ని ఆపి ఆకాశం వైపు చూపిస్తుంది. పైకి వస్తున్న చంద్రుణ్ణి చూడమంటుంది. దానికీ ఒక కోటీశ్వరుడున్నాడా అని అడుగుతుంది. ఆ పిల్లవాడు తర్వాత బాస్ట్‌తో ఈ సంగతి చెబుతూ, టీచరు చంద్రుడనుకున్నది నిజానికి ఐస్‌క్రీం దుకాణం మీది కోన్ బొమ్మ తాలూకు వెలుగని తేల్చేస్తాడు. టీచరు కళ్లూ మోసపోయాయి, పిల్లవాడి కళ్లూ ఎండిపోయాయి. ఈ రెండింటి మధ్య గాడిస్ ఒక్క వ్యాఖ్య కూడా చేయడు. ఇలాంటి చోట్ల రచయిత తప్పుకోవడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు.

‘జె ఆర్’ 1976లో నేషనల్ బుక్ అవార్డు తెచ్చింది. బహుమతి తీసుకుంటూ గాడిస్ చాలా తక్కువ మాట్లాడాడు. రచయితను జనం చదవాలి గాని వినడమో చూడడమో ఎందుకన్నది అతని అభిప్రాయం. ఆ సమయంలోనే జార్జ్ స్టైనర్ అంతటి విమర్శకుడు ‘న్యూయార్కర్’లో ఆ నవల చదవడం సాధ్యం కాదని తేల్చాడు. స్టైనర్‌ను నేను తప్పు పట్టను. ఆయన ఆ పుస్తకంతో తలపడి, ఎందుకు సాధ్యం కాదో వాదించి రాశాడు. 2002లో నవలాకారుడు జొనథన్ ఫ్రాంజెన్ అదే పత్రికలో గాడిస్ మీద పెద్ద వ్యాసం రాశాడు. ‘ద రికగ్నిషన్స్’ను పూర్తిగా చదివి ప్రేమించానని, ‘జె ఆర్’ను సగంలో వదిలేశానని దాపరికం లేకుండా చెప్పాడు. కష్టమైన నవలల మీద ఆయన వాదంతో నాకు ఏకీభావం లేదు. పాఠకుణ్ణి కష్టపెట్టడం అహంకారమని ఆయన మాట, పాఠకుడి తెలివి మీద గౌరవమని నా మాట. కానీ ఎక్కడిదాకా చదివాడో చెప్పాడు గనుక ఆయనతో వాదించగలుగుతున్నాను. 1955 నాటివాళ్లలో చాలామంది మనకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

తర్వాతి పుస్తకాల గురించి క్లుప్తంగా చెబుతాను. 1982లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చాక బతుకు కాస్త కుదుటపడింది. 1985లో ‘కార్పెంటర్స్ గోథిక్’ వచ్చింది. 262 పేజీల చిన్న నవల, ఒకే ఇల్లు, ఇంట్లో ఒక ఒంటరి భార్య, మోగుతూ ఉండే ఫోను. ఆ ఫోనులోంచి ఆఫ్రికా గనులు, మత ప్రచారకులు, యుద్ధం, అన్నీ ఇంట్లోకి వచ్చేస్తాయి. గాడిస్‌ను మొదటిసారి చదివేవాళ్లకు నేను దీన్నే చేతిలో పెడతాను. 1994లో ‘ఎ ఫ్రాలిక్ ఆఫ్ హిజ్ ఓన్’. కోర్టు వ్యాజ్యాల మీద నవల. సొంత కారు కిందే పడి, నష్టపరిహారం కోసం దావా వేసే ఆస్కార్ క్రీస్ కథ. పెట్టెలో పడివున్న ఆ పాత అంతర్యుద్ధ నాటకాన్ని గాడిస్ ఇందులో ఆస్కార్ రాసిన నాటకంగా వాడుకున్నాడు. మూడు దశాబ్దాలు మూలన పడినది చివరికి పనికొచ్చింది. దీనికి రెండోసారి నేషనల్ బుక్ అవార్డు దక్కింది. 1998 డిసెంబర్ 16న ఈస్ట్ హాంప్టన్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ పియానోల చరిత్ర, మంచం పట్టిన ముసలివాడు ఊపిరాడకుండా మాట్లాడే చిన్న నవలగా కుదించుకుని, ‘అగాపీ అగేప్’ పేరుతో 2002లో అచ్చయింది. కళను యంత్రానికి అప్పగించేశాక మనిషి చేతికి ఏం మిగులుతుందన్నది దాని ప్రశ్న. ఈ రోజుల్లో దాన్ని చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

2005లో ‘టైమ్’ పత్రిక 1923 తర్వాత ఇంగ్లీషులో వచ్చిన వంద గొప్ప నవలల జాబితా వేస్తే అందులో ‘ద రికగ్నిషన్స్’ ఉంది. పుస్తకం వచ్చిన యాభై ఏళ్లకు. రాసినవాడు పోయిన ఏడేళ్లకు.

చివరికి నిజం గెలిచింది కదా అంటారేమో. గెలిచిందని నేననుకోను. 33 నుంచి 52 ఏళ్ల వయసు వరకు, ఒక నవలాకారుడి శక్తి నిండుగా ఉండే కాలం, అతను మందుల కంపెనీకి, ఫిల్ముల కంపెనీకి రాసిపెట్టాడు. ఆ ఏళ్లలో రాయగలిగి రాయని నవల ఏ జాబితాలోకీ రాదు. సమీక్షకులు మాత్రమే దీనికి కారణమని అనను. ప్రచురణకర్తలు, కొననివాళ్లు, కాలం, అన్నీ ఉన్నాయి. అయినా మొదటి తలుపు మూసింది సమీక్షలే.

మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు. సమీక్షకు రెండు ప్రతులు పంపమని పత్రిక అడుగుతుంది. ఒకటి మీకు చేరుతుంది, చాలాచోట్ల మీకు దక్కే పారితోషికం ఆ పుస్తకమే. మూడు వందల మాటల్లో, వచ్చే ఆదివారానికి ఇవ్వాలంటారు. రచయిత మీకు తెలిసినవాడే అయి ఉంటాడు, రేపు సభలో ఎదురవుతాడు. 1955లో కూడా 956 పేజీల పుస్తకాన్ని రోజుల్లో చదివి రాయమన్నవాళ్లున్నారు. అందుకే ఈ ఉత్తరం సంపాదకులకు కూడా.

తెలుగు పాఠకుడు కష్టమైన నవలను చదవడన్న మాట నమ్మకండి. ఒక విద్యార్థి ఒక్కరోజు మనసును నవల పొడుగునా పరిచిన ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఇవాళ ఆ నవల పేరే నవీన్ గారికి ఇంటిపేరైంది. రావిశాస్త్రి ‘అల్పజీవి’ని, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని ఇప్పటికీ కొని చదువుతున్నారు. పాఠకుడు సిద్ధంగానే ఉన్నాడు. ఫలానా పుస్తకం నీ సమయానికి తగినదో కాదో, దాన్ని చివరిదాకా చదివిన మనిషి ఒకరు చెబితే చాలునంటున్నాడు.

కాబట్టి సమీక్షక మిత్రులారా, నేను కోరేది మెప్పులు రాయమని కాదు. నచ్చకపోతే నచ్చలేదని నిర్మొహమాటంగా రాయండి. ఎక్కడిదాకా చదివారో రాయండి. సగంలో ఆగితే ఏ పేజీలో, ఎందుకు ఆగారో రాయండి. ఆ ఒక్క వాక్యం ముందుమాటలోంచి తీసిన పది వాక్యాలకన్నా రచయితకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ముందుమాటను పుస్తకం పూర్తయ్యాకే తెరవండి. నవలలో ఒక పేజీని ఎంచుకుని, అందులో మాట ఎలా నడిచిందో, ఎందుకు అలా నడిచిందో పాఠకుడికి చూపించండి. ఇతివృత్తం చెప్పడం అందరూ చేస్తారు. జాక్ గ్రీన్ వెతికి వెతికి దొరక్కపోయింది ఆ ఒక్క పేజీనే.

సంపాదకులకు ఒక విన్నపం. పెద్ద నవల, అల్లిక కొత్తదైన నవల వచ్చినప్పుడు దాన్ని ఆ నెల స్వీకారం జాబితాలో వేసి, సమీక్షకుడికి మూడు నెలలు గడువివ్వండి. ఏడాదికోసారి, ఆదివారం అనుబంధంలో ఒక పేజీ కేటాయించి, అంతకుముందు సంవత్సరం మీ పత్రికే తొందరగా చెప్పేసిన రెండు మూడు పుస్తకాలను వేరే సమీక్షకుడి చేత మళ్లీ చదివించి వేయండి. రెండు అభిప్రాయాలూ పక్కపక్కన అచ్చవ్వాలి. ఆ పేజీకి రాయడానికి ముందుకొచ్చేవాళ్లు మీ పాఠకుల్లోనే ఉన్నారు. నేను రాస్తాను, పారితోషికం అక్కర్లేదు.

గాడిస్ రెండు పెద్ద నవలలనూ న్యూయార్క్ రివ్యూ బుక్స్ సంస్థ 2020లో మళ్లీ వేసింది, కొనుక్కోవడానికి దొరుకుతున్నాయి.

ఇట్లు,
మీ పేజీలు ప్రతి ఆదివారం చదివే ఒక పాఠకుడు